నిఘా ఎక్కడ తప్పింది? 'వైల్డ్ డాగ్' సినిమా మీద కొన్ని మాటలు

బాంబు పేలిన మరునాడు పేపర్లలో ఒక మాట తప్పకుండా కనబడుతుంది. నిఘా వైఫల్యం. ముందే తెలిసిందా, తెలిస్తే ఎవరికి తెలిసింది, తెలిసినవాళ్ళు ఏం చేశారు అని నాలుగు రోజులు గోల నడుస్తుంది. తర్వాత ఐదేళ్ళకో పదేళ్ళకో అదే గోల సినిమాగా వస్తుంది. అందులో ఒక నిజాయితీ గల ఆఫీసరు ఉంటాడు. అతనికి అంతా తెలుసు. పైవాళ్ళు వినరు, చట్టం అడ్డం వస్తుంది, మంత్రి ఫోన్ చేస్తాడు. చివరికి ఆఫీసరు ఎవరి మాటా వినకుండా బయలుదేరతాడు, పని పూర్తి చేస్తాడు. మనం చప్పట్లు కొడతాం.

తెలుగులో ఈ కోవలో చెప్పుకోదగ్గ సినిమా 'వైల్డ్ డాగ్'. అహిషోర్ సాల్మన్ దర్శకుడు, నాగార్జున హీరో. 2021 ఏప్రిల్ 2న థియేటర్లకొచ్చి, ఆ నెలలోనే నెట్‌ఫ్లిక్స్‌లోకి ఎక్కింది. వేటపాలెం, చీరాల చుట్టుపక్కల మన వాడల్లో కుర్రాళ్ళు దీన్ని ఎక్కువగా ఫోన్లోనే చూశారు. పోలీసు ఉద్యోగాలకు చదువుతున్న పిల్లలకైతే ఇది బాగా నచ్చింది.

ఇది గిరిజనుల సినిమా కాదుగదా, మన పుస్తకంలో దీని గురించి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నిఘా అనే మాటతో మనకున్నంత పాత పరిచయం ఈ ప్రాంతంలో ఇంకెవరికి ఉంది? అందుకే రాస్తున్నాను.

ముందు సినిమాలో మంచిని చెప్పాలి. పెద్ద హీరో ఉన్నా పాటల కోసం కథ ఆపలేదు, కామెడీ ట్రాకు పెట్టలేదు. పోలీసు పని అంటే తుపాకీ ఒక్కటే కాదనీ, కాగితాలు తిరగేయడం, ఫోన్ నంబర్ల వెంట పడటం, గంటల తరబడి కాచుకు కూర్చోవడం అనీ కొంతవరకైనా చూపించారు. నేపాల్లో సాగే చివరి భాగం బిగువుగా ఉంది. అరవై దాటిన నాగార్జున వయసు దాచుకోకుండా, అరుపులు లేకుండా చేశాడు.

కథకు ఆధారం నిజంగా జరిగిన ఘోరం. 2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో లేజర్ షో దగ్గర ఒక బాంబు, కాసేపటికి కోఠీలోని గోకుల్ చాట్ దగ్గర ఇంకొక బాంబు పేలాయి. 42 మంది చనిపోయారు. వాళ్ళలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకొచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా ఉన్నారు. సినిమాలో హీరో విజయ్ వర్మ కూతురు గోకుల్ చాట్ దగ్గర చనిపోతుంది. తర్వాత పుణెలో ఒక బేకరీ పేలుతుంది. ఇది 2010 ఫిబ్రవరి 13న 17 మందిని బలిగొన్న జర్మన్ బేకరీ ఘటనే, పేరు మార్చి జాన్స్ బేకరీ అన్నారు. నేరగాడి పేరు ఖాలిద్ భత్కల్. నిజంలో యాసిన్ భత్కల్. అతన్ని 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర పట్టుకున్నారు. సినిమా చివరి భాగం ఆ అరెస్టు నుంచే పుట్టింది.

హీరోకు 'వైల్డ్ డాగ్' అన్న పేరు ఎందుకొచ్చింది? ఉగ్రవాదుల్ని పట్టుకోకుండా చంపేస్తాడని. అందుకే అతన్ని పక్కన పెట్టి ఉంటారు. అవసరమొచ్చాక మళ్ళీ పిలుస్తారు. నాకు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ పద్ధతి సరైందా కాదా అని ప్రేక్షకుడు అడిగే లోపలే చనిపోయిన కూతురి ముఖం తెర మీదికొస్తుంది. ఇక ప్రశ్నకు చోటు లేదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రిని పట్టుకుని నీ దగ్గర వారెంటుందా అని అడగగలమా? కథ రాసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఏడ్చే తండ్రినీ తుపాకీ పట్టిన ఆఫీసరునీ ఒకే మనిషిలో పెట్టేస్తే, ఆఫీసరును అడగాల్సినవి తండ్రి మీది జాలిలో కొట్టుకుపోతాయి.

సరే, సినిమా అంటే అంతే అనుకుందాం. అసలు వైఫల్యం ఎక్కడ జరిగింది? చట్టం చేతులు కట్టేసినందువల్లే బాంబులు పేలాయా?

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు కట్టిన రెండు బాంబులు పేలాయి. 17 మందికి పైగా చనిపోయారు. ఆ సాయంత్రమే అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే, దాడి జరగొచ్చని రెండు రోజుల ముందే రాష్ట్రాలకు చెప్పామన్నారు. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి, అవి మామూలుగా వచ్చే హెచ్చరికలేనన్నారు. ఇంకొకటి కూడా పత్రికల్లో వచ్చింది. 2012 అక్టోబరులోనే ఢిల్లీ పోలీసులకు దొరికిన ఒక నిందితుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో రెక్కీ చేసి చూసుకున్నామని చెప్పాడు. అంటే ఊరి పేరు కాదు, పేట పేరుతో సహా సమాచారం చేతికొచ్చింది. నాలుగు నెలల టైముంది. ఇక్కడ ఏ చట్టమూ ఎవరికీ అడ్డం రాలేదు. కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయింది, ఫైల్లో పడింది. అక్కడ ఎవరూ దాన్ని తమ పని అనుకోలేదు.

దీనికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకోటుంది. 2009 చివర్లో కోల్‌కతా పోలీసులు యాసిన్ భత్కల్‌ను పట్టుకున్నారు. దేనికి? ఒక దొంగతనం కేసులో. అతను వేరే పేరు చెప్పాడు. దేశమంతా వెతుకుతున్న మనిషి ఇతనేనని ఎవరూ గుర్తుపట్టలేదు. కొద్దికాలానికే బెయిలు మీద బయటికెళ్ళిపోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌కు అప్పటికింకా మూడేళ్ళ పైనే టైముంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మనవాడొకడు దొంగతనం అనుమానం మీద స్టేషను మెట్లెక్కితే ఇంత తేలిగ్గా దిగొస్తాడా? తాత పేరు, తండ్రి పేరు, ఏ వాడ, ఏ కులం, ఎవరి చుట్టం అన్నీ అడిగి రాసుకుంటారు. అసలు నేరగాడేమో పేరు మార్చి చెప్పి వెళ్ళిపోయాడు.

నిఘా వైఫల్యం మీద నిజమైన సినిమా తీయాలంటే ఆ కోల్‌కతా లాకప్పే మొదటి సీను కావాలి. దాన్ని మధ్యలో పెట్టి కథ చెప్పే ధైర్యం మనవాళ్ళకు రాలేదు. అందులో హీరో ఉండడు. ఒక రైటరు, ఒక రిజిస్టరు, ఒక తప్పుడు పేరు మాత్రమే ఉంటాయి. హీరో లేకుండా మన దగ్గర సినిమా లేదు.

అమెరికావాళ్ళూ ఇదే చేశారు. 2001 సెప్టెంబరు 11 దాడుల మీద 'ద పాత్ టు 9/11' అనే టీవీ సినిమా తీశారు. 2006 సెప్టెంబరు 10, 11 తేదీల్లో ఏబీసీ చానెల్ రెండు రాత్రులు, ప్రకటనలు లేకుండా వేసింది. దర్శకుడు డేవిడ్ కన్నింగ్‌హామ్, రచయిత సైరస్ నౌరస్తే. హార్వీ కైటెల్ చేసిన ఎఫ్‌బీఐ అధికారి పాత్ర మన విజయ్ వర్మకు అన్నలాంటిది: అన్నీ తెలిసినవాడు, ఎవరూ విననివాడు. దాడుల మీద వేసిన కమిషన్ రిపోర్టే ఆధారమని చెప్పుకున్నారు. అయితే అందులో ఒక సీనుంది. అఫ్ఘానిస్థాన్‌లో బిన్ లాడెన్‌ను పట్టుకోడానికి మనుషులు సిద్ధంగా ఉంటే, క్లింటన్ ప్రభుత్వంలో భద్రతా సలహాదారు శాండీ బెర్గర్ అనుమతి ఇవ్వకుండా ఫోన్ పెట్టేస్తాడు. ఇది జరగలేదు. 1998లో అలాంటి పథకమొకటి ఉన్న మాట నిజం. దాన్ని ఆపాలన్నది తన నిర్ణయమేనని సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ కమిషన్‌కు చెప్పాడు. బెర్గర్, ఇంకా అప్పటి మంత్రులు గట్టిగా అభ్యంతరం చెప్పాక చానెల్ ఆ సీనును కత్తిరించి చూపించింది. ఆ తర్వాత సినిమాను డీవీడీగా కూడా తేలేదు.

ఆ గొడవంతా ఏ పార్టీని తప్పుపట్టారన్న దాని మీదే నడిచింది. నాకు ముఖ్యమనిపించింది వేరు. కమిషన్ తేల్చిన అసలు వైఫల్యాల్లో ఒకటి ఇది: విమానాలు దారి మళ్ళించినవాళ్ళలో ఇద్దరు 2000 జనవరి నుంచే అమెరికాలో ఉన్నారు. కాలిఫోర్నియాలోని శాన్ డీగోలో దొంగ పేర్లు కూడా లేకుండా బతికారు. వాళ్ళలో ఒకడి పేరు అక్కడి టెలిఫోన్ డైరెక్టరీలో అచ్చయింది. వాళ్ళ గురించి సీఐఏకు ముందే తెలుసు, దేశం లోపల వెతకాల్సిన ఎఫ్‌బీఐకి మాత్రం సరిగ్గా చెప్పలేదు. నిఘా జాబితాలో ఆ పేర్లు ఎక్కేసరికి 2001 ఆగస్టు నెలాఖరు దగ్గరపడింది. పెట్టేసిన ఫోను బాగా పండే సీను. డైరెక్టరీలో అచ్చయిన పేరును సీనుగా పండించడం కష్టం. అందుకే సినిమాలు ఎప్పుడూ ఫోన్ వైపే వెళ్తాయి. అడ్డుపడిన పెద్దమనిషి ఒకడు దొరికితే చాలు, చూసేవాడికి కోపం తెచ్చుకోడానికి ఒక ముఖం దొరుకుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఒక రకం వైఫల్యం. ఉన్న సమాచారాన్ని వాడుకోకపోవడం. ఇంకో రకం ఉంది. దాన్ని వైఫల్యమని కూడా ఎవరూ లెక్కేయరు.

గోకుల్ చాట్ ఘటనకు మూడు నెలల ముందు, 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది దానితో పోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు. ఆ తర్వాతి రోజుల్లో పాతబస్తీ నుంచి పదులకొద్దీ ముస్లిం కుర్రాళ్ళను పట్టుకెళ్ళారు. చిత్రహింసలు పెట్టారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది రిపోర్టు ఇచ్చాడు. కేసులు కోర్టులో నిలబడలేదు. ప్రభుత్వమే తర్వాత 70 మందికి పరిహారం ఇచ్చింది, నడత మంచిదని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. దర్యాప్తు వేరే దారి పట్టి వేరేవాళ్ళ మీద కేసు నడిచినా, 2018 ఏప్రిల్‌లో వాళ్ళూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తొమ్మిది మందిని ఎవరు చంపారో కోర్టులో ఈనాటికీ తేలలేదు. పుణె బేకరీ కేసులోనూ ఇలాంటిదే జరిగింది. 2013లో ఒకతనికి ఉరిశిక్ష పడింది. 2016లో బొంబాయి హైకోర్టు అతనికి పేలుడుతో సంబంధం లేదంది. పేలుడు పదార్థం దగ్గర ఉంచుకోవడం, దొంగ కాగితాలు అన్న నేరాలకు మాత్రం శిక్ష ఉంచింది.

'వైల్డ్ డాగ్'లో ఎక్కడైనా అమాయకుడు ఒక్కడు దెబ్బలు తిన్నట్టు మీకు గుర్తుందా? హీరో అనుమానించినవాడు ఎప్పుడూ దోషే అయి ఉంటాడు. ఈ సినిమాల్లో పెద్ద అబద్ధం అదే. బెర్గర్ ఫోన్ కన్నా పెద్దది.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. వేటపాలెం నుంచి బాపట్ల వైపు రైలెక్కితే చీరాల దాటాక స్టూవర్టుపురం వస్తుంది. 1910ల్లో ఎరుకలవాళ్ళను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంట్ అది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. 1871లో ఉత్తరాదిన పెట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మన మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. నేరం చేశావా అని కాదు, ఏ కులంలో పుట్టావు అని అడిగే చట్టం. పేరు రిజిస్టర్లో ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయినా లెక్క ఉంటుంది. నిఘా అంటే అది. అది ఎప్పుడూ విఫలం కాలేదు, రోజూ పనిచేసింది. తప్పిపోయిన మనిషి లేడు, అందని కాగితం లేదు. పసిపిల్లల పేర్లతో సహా అన్నీ సిద్ధంగా ఉండేవి. నాలుగు నెలల ముందు చేతికొచ్చిన దిల్‌సుఖ్‌నగర్ పేరును పట్టించుకోని వ్యవస్థ, ఒక కులం మొత్తాన్ని దశాబ్దాల పాటు వదలకుండా పట్టించుకుంది.

1952లో ఆ చట్టం పోయింది. అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, షీట్లు వచ్చాయి. కేడీ అనే మాట మన భాషలో తిట్టుగా మిగిలింది. అది పోలీసు రిజిస్టర్లోని 'నోన్ డిప్రెడేటర్' అన్న రెండు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు, కె.డి. నాగార్జునే 2010లో ఆ పేరుతో ఒక సినిమా చేశాడు, అది వేరే సంగతి.

మన మీద తీసిన సినిమాల్లోనూ ఇదే చూపు. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. దాని టీజరు ఎరుకల జాతిని కించపరిచేలా ఉందని హైకోర్టుకు వెళ్తే కోర్టు నిర్మాతకు నోటీసులిచ్చింది. ఆ సినిమా ఎలా మొదలవుతుందో గమనించారా? ఢిల్లీ నుంచి ఇంటెలిజెన్స్ బ్యూరో ఆఫీసరు, అనుపమ్ ఖేర్, ఒక పోలీసు అధికారిని పిలిపించి ఈ దొంగ ఎవరో చెప్పమంటాడు. మన ఊరి మనిషి కథ పోలీసు నోటి నుంచి, నిఘా ఆఫీసరు చెవికి వెళ్తూ మొదలవుతుంది. మనల్ని మనం చూసుకోడానికి కూడా వాళ్ళ ఫైలే తెరవాల్సి వచ్చింది. 'వైల్డ్ డాగ్'ను ఇష్టపడే మన కుర్రాళ్ళకు ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఒకదాంట్లో మనం ఆఫీసరు కళ్ళతో ఎవరినో చూస్తాం. ఇంకోదాంట్లో అవే కళ్ళు మన వైపు తిరిగి ఉంటాయి.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. ట్రెయినింగులో ఉన్న ఒక కుర్రాడు నన్ను నేరుగా అడిగాడు: "అయితే ఏంటి సార్, పోలీసులు సమాచారం పెట్టుకోకూడదా? గోకుల్ చాట్‌లో పోయినవాళ్ళ సంగతేంటి?" మంచి ప్రశ్న. దాటెయ్యకూడదు. సమాచారం కావాలి. దిల్‌సుఖ్‌నగర్ రెక్కీ గురించి తెలిసింది సమాచారం. ఫలానావాడు ఫలానా చోటుకెళ్ళి ఫలానా పని చేశాడన్నది సమాచారం. ఫలానా కులంలో పుట్టాడు, ఫలానా మతం, ఫలానా వాడలో ఉంటాడు అన్నది సమాచారం కాదు, అనుమానం. రెండోది రాయడం తేలిక. ఇల్లు కదలకుండా రాయొచ్చు. మొదటిది వెంటపడి పట్టుకోవాలి, వచ్చినప్పుడు చదవాలి, చదివినవాడు లేచి పోయి ఏదో ఒకటి చెయ్యాలి. గోకుల్ చాట్‌లో పోయినవాళ్ళకు న్యాయం చేసేది ఆ పని. ఆ కేసులో 2018లో ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. ఇద్దరిని నిర్దోషులని వదిలేశారు. కోర్టులో సాక్ష్యాలతో జరిగిన పని అది.

అనుమానాన్ని సమాచారమనుకుంటే ఏమవుతుందో నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర చూశాం. 2021 డిసెంబరు 4 సాయంత్రం బొగ్గుగనిలో పని ముగించుకుని బండిలో ఇంటికొస్తున్న కొన్యాక్ గిరిజనుల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆరుగురు చనిపోయారు. తీవ్రవాదులు వస్తున్నారని సమాచారం వచ్చిందనీ, పొరబడ్డారనీ కేంద్ర హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు. తర్వాతి గొడవల్లో ఇంకొంతమంది పోయారు. ఇదీ నిఘా వైఫల్యమే. దీని మీద పెద్ద హీరో ఎవరూ సినిమా చెయ్యడు.

టీచర్లకు ఒక మాట. ఈ సినిమా చూడొద్దని పిల్లలకు చెప్పకండి, చెప్పినా వినరు. చూశాక అడగండి. హీరోకు ఈ పేరు ఎవరు చెప్పారు? చెప్పినవాడు ఎలాంటి పరిస్థితిలో చెప్పాడు? ఆ పేరు తప్పయితే ఎవరు ఒప్పుకుంటారు? వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం మన పక్కనే ఉంది. ఎక్కడెక్కడి పరిశోధకులో పాత పత్రికల కోసం అక్కడికొస్తారు. మన పిల్లలు మాత్రం ఆ గేటు దాటి లోపలికి పోవడం తక్కువ. సినిమాలో చూసిన తేదీని పేపర్లో వెతికి పట్టుకోవడం వాళ్ళకు నేర్పితే, 'నిజ సంఘటనల ఆధారంగా' అన్న అక్షరాలు తెర మీద పడినప్పుడు ఇంకోలా చూస్తారు.

2024 మేలో సుప్రీంకోర్టు, అమానతుల్లా ఖాన్ కేసులో, హిస్టరీ షీట్ల గురించి మాట్లాడింది. వెనుకబడిన వర్గాల, ఎస్సీ, ఎస్టీల అమాయకుల పేర్లు కేవలం దురభిప్రాయంతో షీట్లలోకి ఎక్కకుండా చూడాలంది, అన్ని రాష్ట్రాలూ దీన్ని పట్టించుకోవాలంది. అదే ఏడాది అక్టోబరులో జైళ్ళలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో విముక్త జాతుల మాట మళ్ళీ వచ్చింది. వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకు చెప్పింది. ఈ రెండు తీర్పుల్లో మన గురించి ఉన్న పేజీలు కొన్నే. వాటిని తెలుగులో రాసి స్టూవర్టుపురంలో, వేటపాలెం చుట్టూ ఉన్న వాడల్లో చదివి వినిపించే పని మిగిలి ఉంది. రెండు గంటల పైచిలుకు 'వైల్డ్ డాగ్' చూసిన పిల్లలు దానికి ఒక గంట ఇవ్వగలరు.